చేతికి తగిన కీబోర్డు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పావుగంట మాట్లాడమన్నారు. ముప్పయ్యేడేళ్ల సర్వీసులో నేను మాట్లాడింది తక్కువ, టైపు కొట్టింది ఎక్కువ. 1979లో టైపిస్టుగా చేరి, 2016లో పదవీ విరమణ చేశాను. ఈ మధ్యకాలంలో ఎవరు ఎదురైనా, "ఏమ్మా, కీబోర్డు నువ్వే చేసుకున్నావట, నిజమేనా?" అని అడుగుతున్నారు. నిజమే. అదిగో, ఆ బల్లమీద ఉంది. అందంగా లేదు. మూడు వేల చిల్లర ఖర్చయింది. దాని సంగతి చెప్పమన్నారు గనుక చెబుతాను.

ముందుగా మీచేత ఒక చిన్న పని చేయిస్తాను. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకోండి. భుజాలు వదులు చేసి, మోచేతులు పక్కటెముకల దగ్గరే ఉంచి, ముంజేతులు మాత్రం ముందుకు లేపండి. రెండు అరచేతుల మధ్య ఎంత ఎడముందో చూసుకోండి. దాదాపు మూరెడు ఉంటుంది. ఇప్పుడు రెండు చూపుడువేళ్లనూ పక్కపక్కకు తెచ్చి, టైపు కొట్టబోయేటట్టు వేళ్లు నిటారుగా ముందుకు చాపండి. మణికట్లు ఏమయ్యాయి? చిటికెనవేలి వైపుకు వంగాయి. మామూలు కీబోర్డు మీద మనం చేతులు పెట్టే తీరు ఇదే. రోజుకు ఆరేడు గంటలు, ముప్పయ్యేళ్లపాటు అలా వంచి ఉంచితే ఏమవుతుందో నా కుడిచేతిని అడగండి, చెబుతుంది.

టైపు మిషను మీద అంత బాధ తెలియలేదు. 1975లో కాకినాడలో ఇన్‌స్టిట్యూటుకు వెళ్లి ఇంగ్లీషు హయ్యరు, నిమిషానికి నలభై అయిదు మాటల పరీక్ష, పాసైన రోజుల నుంచీ చూస్తున్నాను. మిషను మీద వరుస చివరికి వచ్చేసరికి గంట మోగేది. ఎడమచెయ్యి లేచి మీటను తోసేది. కాగితం మార్చాలి, కార్బను సర్దాలి. అంటే నిమిషానికి నాలుగైదుసార్లు చెయ్యి తన చోటు నుంచి కదిలేది. అది విశ్రాంతి అని అప్పుడు తెలియదు. కంప్యూటరు వచ్చాక గంట పోయింది, మీట పోయింది, కాగితం పోయింది. వేళ్లు తప్ప మిగతా చేతికి పని లేకుండా పోయింది. ఆఫీసులో అందరూ సుఖమన్నారు. నేనూ అన్నాను.

విచిత్రమేమిటంటే, టైపు మిషను పోయినా దాని కీబోర్డు మాత్రం పోలేదు. అమెరికాలో షోల్స్ అనే ఆయన 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందాడు. 1874 నుంచి రెమింగ్టను కంపెనీ ఆ మిషన్లను తయారుచేసి అమ్మింది. మీటల వరుసలు ఒకదాని కింద ఒకటి సూటిగా కాకుండా కొంచెం పక్కకు జరిగి ఉంటాయి, గమనించారా? ఒక్కొక్క మీట కింద ఒక్కొక్క ఇనుప కడ్డీ ఉండేది. ఆ కడ్డీలు ఒకదానికొకటి అడ్డు రాకుండా అలా జరిపారు. కంప్యూటరు కీబోర్డులో కడ్డీ లేదు. జరుపుడు మాత్రం అలాగే ఉంది. మనిషి చెయ్యే మిషనుకు సర్దుకోవలసి వచ్చింది.

ఇది తప్పని చెప్పినవారు లేకపోలేదు. 1926లోనే జర్మనీలో క్లాకెన్‌బర్గ్ అనే ఆయన కీబోర్డును రెండు భాగాలుగా విడదీసి, చేతుల తీరుకు తగ్గట్టు పెట్టాలని రాశాడు. 1970లలో ఇంగ్లండులో లిలియన్ మాల్ట్ అనే ఆవిడ, స్టీఫెన్ హాబ్‌డే అనే ఇంజనీరు కలిసి రెండు చేతులకూ విడివిడిగా మీటలున్న కీబోర్డు తయారుచేశారు. ఆవిడ టైపు నేర్పే టీచరు. ఆ మాట చదివినప్పుడు నాకు చాలా సంతోషమైంది. చేతుల బాధ టైపు నేర్పినవాళ్లకు తెలియక ఎవరికి తెలుస్తుంది?

ఇక నా బాధ సంగతికి వస్తాను. రిటైరయ్యాక కూడా మన సంఘం కార్యాలయంలో సభ్యుల దరఖాస్తులు నేనే టైపు చేసేదాన్నని మీకందరికీ తెలుసు. 2022 నుంచి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. నిద్రలో లేచి చెయ్యి విదిలించుకునేదాన్ని. ఎముకల డాక్టరుగారు చూసి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందన్నారు. రాత్రి పూట పట్టీ వేసుకోమన్నారు, టైపు తగ్గించమన్నారు. తగ్గించాను. తరువాత మానేశాను.

మానేసిన నెలలోనే ఒక సంగతి జరిగింది. మనతో పనిచేసిన ఒక సోదరుడు కాలం చేశారు. ఆయన భార్య కుటుంబ పింఛను కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అక్కయ్యగారూ, మావారు బతికుండగా చెప్పేవారు, ఏ కాగితమైనా మీ చేత కొట్టిస్తే తిరిగి రాదని" అంది. నా చెయ్యి చూపించి, బజారులో డి.టి.పి. చేసే చోటికి పంపాను. అక్కడ ఆమె పేరులో ఒక అక్షరం, సర్వీసు పుస్తకంలో ఉన్నదానికి తేడాగా పడింది. కాగితాలు అభ్యంతరంతో తిరిగొచ్చాయి. రెండు నెలలు పోయాయి. ఆమె నన్నొక్క మాట అనలేదు. కానీ ఆ రెండు నెలలూ ఆ ఇల్లు ఎలా గడిచిందో నేనెరుగుదును.

2024 సంక్రాంతికి మా మనవడు సెలవులకు వచ్చాడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. నా చెయ్యి చూసి, "అమ్మమ్మా, రెండు ముక్కల కీబోర్డులు ఉంటాయి, కొందామా?" అన్నాడు. ధర చూస్తే పదివేలు దాటింది. వద్దన్నాను. "అయితే మనమే చేద్దాం" అన్నాడు. నవ్వాను.

వాడు నవ్వలేదు. ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి పెట్టాడు. ఇది మీరందరూ గుర్తుంచుకోవలసిన సంగతి. ఇంట్లో మూలపడిన పాత కీబోర్డు ఇంకొకటి తెచ్చి, అదే కంప్యూటరుకు తగిలించాడు. రెండూ పనిచేశాయి. ఒకటి ఎడమచేతి కింద, ఒకటి కుడిచేతి కింద, మధ్యన జానెడున్నర ఎడంతో పెట్టాడు. ఎడమచేత్తో ఒకదాని ఎడమ సగం, కుడిచేత్తో రెండోదాని కుడి సగం కొట్టమన్నాడు. మా విండోసు కంప్యూటరులో ఒకదాని మీద షిఫ్టు నొక్కి, రెండోదాని మీద అక్షరం కొడితే కూడా పడింది. బల్లంతా నిండిపోయింది గానీ, మణికట్లు నిటారుగా నిలిచాయి. వారం రోజులు అలాగే రోజుకు పావుగంట కొట్టాను. తిమ్మిరి పెరగలేదు. సరే, చేద్దామన్నాను.

సామాను కోఠీ గుజరాతీ గల్లీలో కొంత, ఆన్‌లైనులో కొంత తెప్పించాడు. లెక్క చెబుతాను, మనం లెక్కలవాళ్లం గదా. రాస్‌ప్‌బెర్రీ పై పికో అనే చిన్న కంట్రోలరు బోర్డు ఒకటి, 400 రూపాయలు. మెకానికల్ స్విచ్చులు 60, 1080 రూపాయలు. పైన పెట్టే టోపీలు 650. డయోడులు వంద, 100 రూపాయలు. సీసం, వైరు 150. నేమ్‌ప్లేట్లు చేసే దుకాణంలో లేజరుతో అక్రిలిక్ పలకలు కోయించడానికి 700. మొత్తం 3080. అడుగున వేసినవి పిల్లల పరీక్ష అట్టలు. రెండు ముక్కలనూ కలిపే పట్టీ, పాత కంప్యూటరులో హార్డు డిస్కుకు ఉండే నలభై తీగల బద్దె కేబులు. ఈ రెండింటికీ ఖర్చు లేదు.

పలక కోయించే ముందు కాగితం మీద రెండు చేతులూ ఆనించి పెన్సిలుతో గీశాం. నా నడిమివేలు పొడుగు, చిటికెనవేలు పొట్టి. ఏ వేలికి ఆ వేలి నిలువు వరుసను, దాని పొడవును బట్టి పైకీ కిందకూ జరిపాం. ఒక్కొక్క మీటకు 14 మిల్లీమీటర్ల చదరపు రంధ్రం, ఒక మీట నడుము నుంచి పక్కమీట నడుముకు 19 మిల్లీమీటర్లు. ఒక్కొక్క చేతికి నాలుగు వరుసల్లో ఆరేసి చొప్పున ఇరవై నాలుగు, బొటనవేలికి నాలుగు. మొత్తం ఇరవై ఎనిమిది. రెండు చేతులకూ యాభై ఆరు. ముందు అట్టమీద కోసి చూసుకుని, సరిపోయిందనుకున్నాకే అక్రిలిక్ కోయించాం.

యాభై ఆరు మీటలకు యాభై ఆరు తీగలు కావాలి గదా, అంత చిన్న బోర్డుకు ఎలా తగిలిస్తారని నేనడిగాను. వాడు చెప్పిన పోలిక బాగుంది. సినిమా హాల్లో మన సీటు ఎలా వెతుక్కుంటాం? వరుస అక్షరం ఒకటి, సీటు నంబరు ఒకటి. రెండూ కలిస్తే కుర్చీ ఒక్కటే. అలాగే అయిదు అడ్డ వరుసలు, పన్నెండు నిలువు వరుసలు, మొత్తం పదిహేడు తీగలు. కంట్రోలరు క్షణానికి ఎన్నోసార్లు ఒక్కొక్క వరుసనూ తడిమి చూస్తుంది. ఏ అడ్డ వరుస ఏ నిలువు వరుసతో కలిసిందో చూసి, నొక్కిన మీట ఏదో తెలుసుకుంటుంది. కంట్రోలరు ఎడమ ముక్కలో ఉంది. కుడి ముక్కకు పోవలసినవి అయిదు అడ్డ, ఆరు నిలువు, పదకొండు తీగలు. బద్దె కేబులులో నుంచి పదకొండు చీల్చుకుంటే సరిపోయింది. అంచున ఎర్ర తీగ ఉంటుంది గనుక లెక్క తప్పదు.

డయోడు ఎందుకంటే, చదరానికి మూడు మూలల్లో ఉన్న మూడు మీటలు ఒకేసారి నొక్కితే కరెంటు వెనుకదారిన తిరిగి, నాలుగో మూల మీట కూడా నొక్కినట్టు చూపిస్తుంది. డయోడు కరెంటును ఒకవైపే పోనిస్తుంది. వన్‌వే రోడ్డు వంటిది. మీటకు ఒకటి చొప్పున పెట్టాలి. దాని మీద నల్ల గీత ఉంటుంది. అన్నింటి గీతలూ ఒకే వైపు ఉండాలి.

సోల్డరింగు మా వీధిలోని టీవీ మెకానిక్కు దగ్గర నేర్చుకున్నాను. "అమ్మగారూ, మీకెందుకండీ, నేను చేసిపెడతాను" అన్నాడు. వద్దు, పక్కన కూర్చుని చెప్పమన్నాను. కాలే మొన ముందు లోహానికి తాకించాలి, ఆ వేడికి సీసం కరగాలి. మొనమీద కరిగించి పూస్తే అతుకు నిలవదు. కిటికీ తెరిచి ఉంచాలి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. డయోడు కాళ్లనే మెలిపెట్టి ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే అడ్డ వరుస తయారవుతుంది, వేరే తీగ అక్కరలేదు. రోజుకు గంట చొప్పున పది రోజులు పట్టింది. భూతద్దం లేకపోతే నావల్ల అయ్యేది కాదు.

మొదటిసారి తగిలించినప్పుడు కంప్యూటరు అసలు గుర్తుపట్టలేదు. కంగారుపడ్డాం. తీరా చూస్తే మేం వాడింది ఫోను చార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబులు, సమాచారం మోసే తీగలు దానిలో లేవు. కేబులు మార్చాం. రెండో తప్పు, ఒక వరుసలో ఆరు డయోడులూ తిరగేసి అతికించాను. ఆ వరుస మీటలేవీ పలకలేదు. ఊడదీసి మళ్లీ అతికించాను.

దానికి బుద్ధి నేర్పడం అనుకున్నంత కష్టం కాదు. బోర్డు మీది చిన్న బొత్తాం నొక్కిపట్టి కంప్యూటరుకు తగిలిస్తే, పెన్‌డ్రైవులాగా తెరుచుకుంటుంది. సర్క్యూట్ పైథాన్ అనేదాన్ని, తరువాత కె.ఎం.కె. అనే ఉచిత ప్రోగ్రామును దానిలోకి కాపీ చేశాడు. ఇక మిగిలింది ఒక టెక్స్టు ఫైలు. ఏ మీట ఏ అక్షరమో వరుసగా రాసి ఉంటుంది. మాట మార్చి సేవ్ చేస్తే మీట మారిపోతుంది.

తెలుగుకు నేను వాడేది ఇన్‌స్క్రిప్టు పద్ధతి. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ దీన్ని ఖరారు చేసింది. 1991లో భారతీయ ప్రమాణం 13194లో చేరింది. విండోసులో తెలుగు కీబోర్డుగా వచ్చేది ఇదే. దానిలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి ఉంటాయి. కింది వరుసలో మ, న, వ మాత్రం ఎడమకు వస్తాయి. "కాకి" అని కొట్టండి: కుడి, ఎడమ, కుడి, ఎడమ. "రాజు" కొట్టండి: అదే నడక. అంటే మన భాషకు కీబోర్డు ఏర్పరిచినవారే దాన్ని చేతుల మధ్య పంచిపెట్టారు. దాన్ని మధ్యకు విరిచి రెండు ముక్కలు చేస్తే తెలుగుకు నష్టమేమీ లేదు, చక్కగా ఒదిగిపోయింది.

ఒదిగిపోయిందనే అనుకున్నాను. మార్చి నెలలో, కీబోర్డు సిద్ధమైందని తెలిసి, ఆ చెల్లెలు తిరిగొచ్చిన కాగితాలు పట్టుకుని వచ్చింది. పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. "మా వారు తేదీ..." అని కొట్టి, "మృతి చెందినందున" దగ్గర ఆగిపోయాను. సుడి గుర్తుకు మీట లేదు! సరే, ఖాళీ వదిలి ముందుకు పోయి, చివర "విజ్ఞప్తి" అని కొట్టబోతే అదీ పడలేదు. ఞ అక్షరానికీ మీట లేదు. మామూలు కీబోర్డులో ఆ రెండూ కుడివైపు కొసన ఉంటాయి. నేను ఆరు నిలువు వరుసలే పెట్టాను గనుక ఆ కొస తెగిపోయింది. అట్టమీద కోసి చూసుకున్నప్పుడు వేళ్లు సరిపోయాయా అని చూశాను గానీ, అక్షరాలు సరిపోయాయా అని చూడలేదు. వేల దరఖాస్తులు కొట్టినదాన్ని, విజ్ఞప్తి లేని కీబోర్డు చేశానన్నమాట.

ఆమె నా ముఖం చూసింది. "అక్కయ్యగారూ, మళ్లీ డి.టి.పి.కి వెళ్లాలా?" అంది. వద్దమ్మా, ఉండమన్నాను. మనవడికి ఫోను చేశాను. కుడి బొటనవేలి దగ్గర పేజీలు తిప్పడానికి పెట్టిన రెండు మీటలున్నాయి. వాడు ఫోనులో చెబుతుంటే ఆ ఫైలు తెరిచి, రెండు మాటలు చెరిపి రెండు మాటలు రాశాను. సేవ్ చేశాను. అయిదు నిమిషాలు పట్టలేదు. మృతి పడింది. విజ్ఞప్తి పడింది. సర్వీసు పుస్తకం నకలు పక్కన పెట్టుకుని ఆమె పేరు అక్షరం అక్షరం పైకి చదివించి కొట్టాను.

ఆ దరఖాస్తు తిరిగి రాలేదు. కుటుంబ పింఛను మంజూరైంది. అది కీబోర్డు గొప్పా కాదు, నా గొప్పా కాదు. ఆమె హక్కు. కానీ నాకు ఒక సంగతి ఆ రోజు అర్థమైంది. సర్వీసులో ఉండగా మిషను ఎలా ఉంటే అలా మనమే ఒదిగాం. కుర్చీ ఎత్తు తక్కువైతే ఫైళ్లు వేసుకుని కూర్చున్నాం, బల్ల ఎత్తైతే భుజాలు పైకి లేపాం. మన చేతికి తగ్గట్టు పనిముట్టును మార్చుకోవచ్చని ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. అరవై దాటాక తెలిసింది.

అతిశయోక్తులు చెప్పను. కీబోర్డు మందు కాదు. చెయ్యి తిమ్మిరెక్కేవారు, పట్టు తప్పేవారు ముందు డాక్టరును చూడాలి. షుగరు, థైరాయిడు ఉన్నవారిలో ఈ బాధ ఎక్కువగా కనిపిస్తుంది, వారు అశ్రద్ధ చేయకూడదు. నేనిప్పటికీ రాత్రి పట్టీ వేసుకుంటాను. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేస్తాను. పోయిన గంట శబ్దం బదులు వంటింటి టైమరు పెట్టుకున్నాను. మొదటివారం నా వేగం చూస్తే ఇన్‌స్టిట్యూటులో మొదటిరోజు గుర్తొచ్చింది. మూడు వారాలకు గానీ చెయ్యి తిరగలేదు. పాత వేగం పూర్తిగా రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. రోజుకు రెండు దరఖాస్తులు నొప్పి లేకుండా కొట్టగలుగుతున్నాను. నాకది చాలు.

మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే మూడు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, ముందు రెండు పాత కీబోర్డులతో వారం రోజులు పరీక్ష చేసి చూడండి. దానితో సుఖం లేకపోతే ఖర్చు పెట్టవద్దు. రెండు, పలక కోయించే ముందు మీరు రోజూ రాసే ఒక ఉత్తరం తీసుకుని, దానిలోని ప్రతి అక్షరానికీ మీట ఉందో లేదో టిక్కు పెట్టుకోండి. నేను చేయని పని అదే. మూడు, మనవలను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లకు ప్రోగ్రాము తెలుసు, మనకు పని తెలుసు. మా ఇంట్లో ఆ పది రోజులూ వాడు ఫోను పక్కన పెట్టాడు, నేను సీరియలు మానేశాను.

మంగళ, శుక్రవారాల్లో ఉదయం సంఘం కార్యాలయంలో ఉంటాను. కీబోర్డు వెంట తెస్తాను. చూడదలచినవారు చూడవచ్చు. దరఖాస్తులున్నవారు సర్వీసు పుస్తకం నకలు మాత్రం మరిచిపోకుండా తెచ్చుకోండి.